బ్యాంకులో వేసిన ముడుపు

బ్యాంకు కిటికీ వెనక కూర్చున్న మనిషి తల ఎత్తకుండా "రూల్ అమ్మా" అంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మాట అన్నవాడు నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన పిల్లవాడైనా సరే, పాపం వాడేం చేశాడు అని నా పక్కనున్నవాళ్ళు సర్దిచెప్పినా సరే. నా కోపం వాడి మీద కాదు. అది అరవైల్లో హిందూపురంలో మొదలైన కోపం. అప్పటికి వాడి నాయన కూడా పుట్టి ఉండడు.

మాది ధర్మవరం. నాయన పట్టు మగ్గం నేసేవాడు, మగ్గం మాదే గానీ పట్టు సావుకారిది. అమ్మ ఇంటి పని అయ్యాక నాలుగిళ్ళకు పట్టుదారం కండెలు చుట్టి ఇచ్చేది. ఆ చిల్లర ఆమె సొంతం. నాయన దాని ఊసెత్తేవాడు కాదు.

తమ్ముడు పుట్టి ఏడాది తిరగకముందే వాడికి కోరింత దగ్గు పట్టుకుంది. దగ్గీ దగ్గీ మొహం నీలంగా తిరిగిపోయేది. ఒకరోజు ఇక పోయాడనే అనుకున్నాం. నాయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చి గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. అమ్మ తమ్ముణ్ణి భుజాన వేసుకుని కదిరి దిక్కుకు తిరిగి మొక్కుకుంది. వీడు బతికితే కదిరి నరసింహస్వామి దగ్గర పుట్టువెంట్రుకలు తీయిస్తాననీ, తన చేతి కష్టంతో ఇరవయ్యొక్క రూపాయలు ముడుపు కడతాననీ. వాడు బతికాడు. అమ్మ పసుపు గుడ్డ తీసి, తన కండెల కూలి కూడబెట్టి, పసుపుకొమ్ముతో సహా మూట కట్టి దూలానికి వేలాడదీసింది.

ముడుపు సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట చెప్పాలి. అది దేవుడి సొమ్ము. అందులో వేయొచ్చు గానీ తీయకూడదు. ఇంట్లో పొయ్యి వెలగకపోయినా దాని జోలికి పోకూడదు. ఆ ముడుపు హుండీలో పడేదాకా బిడ్డ తల మీద కత్తెర పడకూడదు. మా ఇంట్లో ఈ పట్టింపు గట్టిగా ఉండేది.

మూడో ఏట తీయిద్దామనుకున్న వెంట్రుకలు తీయలేకపోయాం. పట్టు ధర పెరిగి సావుకారు పని ఆపేశాడు. నెలలకు నెలలు మగ్గం ఖాళీ. కదిరికి రైలు ఖర్చు, అక్కడ నలుగురికి భోజనం, ఇవి కూడా లేని రోజులవి. ఆ రోజుల్లోనే ఒకసారి నాయన అన్నం ముందు కూర్చుని దూలం వైపు చూశాడు. చూశాడంతే. అమ్మ ఆ చూపు కనిపెట్టింది. ముడుపును ఇంట్లో ఉంచితే ఏదో ఒకరోజు ఎవరో ఒకరి చేయి దాని మీద పడుతుందని ఆమెకు భయం పట్టుకుంది. తన చేయి అయినా పడొచ్చు అనేది.

నిజానికి అంతకుముందే, కోరింత దగ్గు తగ్గిన మొదటి ఏడే, ఇలాంటి భయమే మా అవ్వకూ వచ్చింది. అవ్వది పెనుకొండ. చింతచెట్లు గుత్తకు తీసుకుని పండు హిందూపురం మండీలో వేసేది. ముడుపును బ్యాంకులో పెట్టమని ఆమె అప్పుడే చెప్పింది, అమ్మ వినలేదు. ఇప్పుడు విన్నది. అవ్వ చెప్పింది ఏమిటంటే, హిందూపురంలో కొత్తగా బ్యాంకు పెట్టారు, జట్కాలో మైకు కట్టి పెనుకొండ దాకా వచ్చి చెప్పిపోయారు, మన సొమ్ముకు వాళ్ళ ఇనపపెట్టె కాపలా అంట అని.

అమ్మ నన్నూ తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని బెంగుళూరు పోయే రైలెక్కి పెనుకొండలో అవ్వను కలుపుకుని హిందూపురం వచ్చింది. బ్యాంకులో తెలిసిన మనిషి సంతకం కావాలన్నారు. అవ్వ చింతపండు వేసే మండీ సావుకారు వచ్చి పెట్టాడు. మంచి మనిషే. "మా అంగడికి నమ్మకమైన ముసలామె, ఆమె బిడ్డ" అని మేనేజరుతో చెప్పి, వెళ్ళిపోయాడు.

అమ్మ కొంగులోంచి పసుపు మూట తీసి కిటికీలోంచి లోపలికి పెట్టింది. మూటగానే. ఆ మూటను అలాగే తీసుకుపోయి ఇనపపెట్టెలో పెడతారనీ, తాను వచ్చి అడిగినప్పుడు అదే మూట, అదే ముడి, అదే పసుపుకొమ్ము తిరిగి ఇస్తారనీ ఆమె అనుకుంది. ఎందుకు అనుకోకూడదు? కాపలా అన్నారు మరి. లోపల గుమాస్తా ముడి విప్పి, డబ్బు లెక్కపెట్టుకుని, గుడ్డా పసుపుకొమ్మూ వేలితో ఇటు తోసేశాడు. అమ్మ మొహం నాకు ఇంకా గుర్తుంది. మేనేజరు అది చూసి కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"ఏమమ్మా, ఏమైంది?"

"సామీ, అది ముడుపు. విప్పేసినారు."

"విప్పితే ఏంలేదమ్మా. ముడుపు అని మనసులో పెట్టుకుంటే చాలు."

"ఎవురూ ముట్టరు గదా?"

"ఎవరూ ముట్టరు. మీరు వచ్చి అడిగేదాకా ఇక్కడే భద్రంగా ఉంటుంది."

అవ్వ పక్కనుంచి "ఇంకా కలపాల్నా సామీ?" అని అడిగింది. "ఉన్నప్పుడు కలుపుకోవచ్చులే అవ్వా" అన్నాడు ఆయన. ఆరోజు ఆయన చెప్పింది అంతే. ఇంకేమీ చెప్పలేదు. నేను అక్కడే ఉన్నాను, పదేళ్ళదాన్ని, చెవులున్నదాన్ని.

అమ్మ ఖాళీ పసుపు గుడ్డను మడిచి, కొమ్ముతో సహా ఇంట్లో ట్రంకుపెట్టెలో చీరల అడుగున పెట్టుకుంది. దూలం మీదికి ఎవరూ చూడాల్సిన పని లేకపోయింది. ఆ తర్వాత మగ్గం మళ్ళీ ఆడింది, మళ్ళీ ఆగింది. బియ్యం అప్పు తెచ్చుకున్నాం గానీ హిందూపురం సొమ్ము సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. దాన్ని తలుచుకోకపోవడమే భక్తి అన్నట్టు ఉండేది అమ్మ.

ఇక తమ్ముడి జుట్టు. అది నడుం దాకా పెరిగింది. అమ్మ రోజూ చిక్కుతీసి రెండు జడలు వేసేది. వీధి పిల్లలు వాణ్ణి "ఏమ్మే, యాడికి పోతాండావు?" అని పిలిచేవాళ్ళు. వాడు రాళ్ళు విసిరి వచ్చేవాడు. మొదట్లో నవ్వుకున్నాం గానీ వాడికి బడికి పోయే వయసు వచ్చి, దాటిపోతుంటే నవ్వు రాలేదు. నేను వెంటబెట్టుకుని తీసుకుపోయి బడిలో కూర్చోబెడితే అయ్యవారు జడలు చూసి, "మొక్కు తీర్చుకుని రాండి పాప, వీణ్ణి ఇట్ల కూర్చోబెడితే పిల్లోళ్ళు పాఠం విననిస్తారా" అన్నాడు. ముడుపు తీరితే గుండు, గుండు అయితే బడి. మా ఇంట్లో అందరికీ తెలిసిన లెక్క అది. తమ్ముడికీ తెలుసు. వాడు రాత్రి పడుకునేముందు "హిందూపురం ఎప్పుడు పోతాం?" అని అడిగేవాడు.

ఆ వేసవిలో నాయనకు రెండు పెళ్ళి చీరల పని పడింది. కూలి రాగానే కదిరికి దారి ఖర్చు పక్కన పెట్టి, మంచిరోజు చూసుకుని, అమ్మ ట్రంకులోంచి పసుపు గుడ్డ తీసింది. మళ్ళీ నేనూ, తమ్ముడూ, ఆమే. డబ్బు తీసి అక్కడే మూట కట్టుకుని, రాత్రికి ఇంటికి వచ్చి, తెల్లారి కదిరి రైలెక్కాలని మా ఏర్పాటు. వాడు రైల్లో కిటికీ దగ్గర కూర్చుని జడలు రెండూ చేతుల్లో పట్టుకుని, వీటిని అక్కడ ఏం చేస్తారు, పారేస్తారా అని అడుగుతూ వచ్చాడు.

బ్యాంకులో గుమాస్తా మారాడు. మేనేజరు ఆయనే. మేనేజరు ఎదుటి కుర్చీలో మండీ సావుకారు కూర్చుని కాఫీ తాగుతున్నాడు. అమ్మ ఆయనకు దండం పెట్టి, కిటికీ దగ్గరికి పోయి బ్యాంకు పుస్తకం ఇచ్చింది.

గుమాస్తా ఏదో చూసుకుని "పదిహేడు ఉంది" అన్నాడు.

"ఇరవయ్యొకటి పెట్టినా సామీ."

"చార్జీలు పోయాయమ్మా. ఉంచాల్సినంత ఉంచలేదు మీరు. తక్కువ ఉంటే ఆరు నెలలకు అర్ధ రూపాయి పోతుంది. పైగా ఇన్నేళ్ళలో ఒక్కసారి వేసిందీ లేదు, తీసిందీ లేదు."

"తీయగూడదనే గదా ఈడ పెట్టింది."

"తీసేయాలంటే ఖాతా మూసేయాలి. మూసేదానికి ఇంకో రూపాయి. పదహారు వస్తుంది మీకు."

మూసేదానికి కూడా. తలుపు తీసి బయటికి పోతుంటే తలుపు తీసినందుకు కూలి అడిగినట్టు. అమ్మ చేతిలో పసుపు గుడ్డ పరిచి పట్టుకుని ఉంది, మూట కట్టుకోవడానికి. తర్వాత మేనేజరు గది దగ్గరికి నడిచింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, ఆమె పోయింది.

"సామీ, ముడుపు సొమ్ములో ఐదు రూపాయలు ఎవురు తీసినారు?"

మేనేజరుకు అమ్మ గుర్తు లేదు. గుమాస్తా లేచి వచ్చి చెప్పాడు. "ఎవరూ తీయలేదమ్మా" అన్నాడు మేనేజరు. "రూల్ ప్రకారం పోయింది."

"దానికి కాళ్ళొచ్చి పోయిందా సామీ?"

సావుకారు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన ఆ మాట వెటకారానికి అనలేదు, నిజంగానే తెలియక అడిగాడు: "నా దుడ్లలో ఎప్పుడూ ఇట్ల పట్టుకోల్యా గదప్పా మీరు?" మేనేజరు నవ్వాడు. "మీ ఖాతా వేరు సావుకారూ" అన్నాడు.

వేరే. ఎందుకు వేరో ఆ తర్వాత చదువుకుని, ఉద్యోగం చేసి, నాలుగు బ్యాంకుల గడపలు తొక్కి తెలుసుకున్నాను. చిన్న ఖాతా బ్యాంకుకు దండగ అంటారు. పుస్తకం ఖర్చు, గుమాస్తా జీతం, ఆ సొమ్ము మీద వాళ్ళకు మిగిలేది ఏమీ లేదు, అందుకని ఖర్చు ఖాతాదారే పెట్టుకోవాలట. వినడానికి బాగానే ఉంది. సావుకారు డబ్బును వాళ్ళు వడ్డీకి తిప్పుకుంటారు కాబట్టి ఆయనకు కుర్చీ, కాఫీ, పైసా ఖర్చు లేదు. అమ్మ డబ్బును తిప్పుకోలేదా? ఇరవయ్యొక్క రూపాయలూ ఇనపపెట్టెలో పసుపు పూసుకుని కూర్చున్నాయా? అందరి చిల్లరా కలిసే గదా ఆ పెట్టె నిండింది. తక్కువ ఉందని చెప్పి లేనివాళ్ళ దగ్గరే కోత పెట్టే లెక్క ఎవరు కనిపెట్టారో గానీ వాడికి కండెలు చుట్టే కూలి ఎంతో తెలియదు. ఆ అర్ధ రూపాయికి అమ్మ ఎన్ని కండెలు చుట్టాలో తెలియదు. తెలిసి కూడా రాసి ఉంటే మరీ అన్యాయం.

నాకు ఇంకా మండిపోయేది ఏమిటంటే, వాళ్ళు చెప్పామంటారు. పుస్తకం వెనక అట్ట మీద ఇంగ్లీషులో అచ్చు వేశారట. మేనేజరు అది వేలితో చూపించాడు. సంతకం రాక వేలిముద్ర వేసిన మనిషికి ఇంగ్లీషు అచ్చు చూపించి ముందే చెప్పామంటే ఏమనాలి? నోటితో చెప్పింది మాత్రం వేరు. ఎవరూ ముట్టరు అన్నది ఈ నోరే. అమ్మ ఆ మాట నమ్మింది. నమ్మి, వాళ్ళు అన్నట్టుగానే ముట్టకుండా ఉంచింది. ముట్టకుండా ఉంచినందుకే కోత పడింది. ఒకటికి పదిసార్లు అటూ ఇటూ వేసి తీసి ఆడించి ఉంటే నేరం కొంచెం తగ్గేదేమో.

మేనేజరు చెడ్డవాడని నేను అనను. అమ్మ అక్కడే నిలబడిపోయి కదలకపోయేసరికి, పక్కన రెండు జడలతో తమ్ముడు కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తుండేసరికి, ఆయనకు ఏదోలా అయినట్టుంది. జేబులోంచి ఐదు రూపాయల నోటు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నా సొంతం అమ్మా. తీసుకోండి. స్వామికి వేయండి."

"మీ దుడ్డు నాకెందుకు సామీ? పెట్టినేది ఈండి."

"అది ఇచ్చేదానికి రూల్ లేదమ్మా."

తీసుకునేదానికి ఉంది, ఇచ్చేదానికి లేదు. అమ్మ ఆ నోటు ముట్టుకోలేదు. బయటికి వచ్చి గుమాస్తా ఇచ్చిన పదహారు రూపాయలు తీసుకుంది. పసుపు గుడ్డలో కట్టలేదు. కొంగున ముడి వేసుకుని, గుడ్డను మళ్ళీ మడిచి చేతిలో పట్టుకుంది. రైల్లో తమ్ముడు "రేపు కదిరి పోతామా?" అని అడిగితే "పోము నాయనా" అంది. వాడు ఏడవలేదు. జడలు వదిలేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వాడు ఏడ్చి ఉంటేనే నాకు కాస్త నయంగా ఉండేది.

పెనుకొండలో దిగి అవ్వ దగ్గరికి పోయాం. అవ్వ అంతా విని తల పట్టుకుంది. బ్యాంకు మాట ఎత్తింది తానేనని ఆమె బాధ. పరాయి చేయి పడి తక్కువైన ముడుపును మన ఇంటి డబ్బుతో పూరిస్తే అది మొక్కు తప్పినట్టే, ఇక ఒకటే దారి, సామి పేరు చెప్పి పదిమంది దగ్గర బిచ్చమెత్తి నింపాలి అంది. ఇది మా పక్క ఉన్న పద్ధతే. ధర్మవరంలో నాయనకు ఇది తెలిసినప్పుడు ఆయన మొహం మాడ్చుకున్నాడు.

"ఐదు రూపాయలే గదా, నా కూలిలోది కలిపేస్తే పోలా? నా పెండ్లాము బజార్లో జోలె పట్టాల్నా?"

"జోలె పట్టేది నీ పెండ్లాము కాదు. సామి పట్టిస్తాండాడు" అంది అమ్మ. ఆ తర్వాత ఆయన అడ్డు చెప్పలేదు.

ఎక్కడ ఎత్తాలో మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు, తానే అనుకుంది. ధర్మవరంలో చుట్టాలున్నారు, అడిగితే ఒక్క వీధిలోనే నిండిపోయేది. అమ్మ శనివారం పూట మళ్ళీ హిందూపురం రైలెక్కింది. తమ్ముడికి పసుపు పంచె కట్టి, నుదుట నామం పెట్టి, జడలు విప్పేసి జుట్టు వీపు మీద పరిచింది. వాడి భుజాన జోలె. బ్యాంకు మెట్ల ఎదురుగా, మండీలకు పోయే దారిలో, మా ఇద్దర్నీ పక్కన పెట్టుకుని నిలబడింది. నాకు సిగ్గుతో చచ్చిపోదామనిపించింది. ఆమెకు ఏ కోశానా సిగ్గు లేదు.

"సామి ముడుపు తక్కువ పడింది తల్లీ. తలా ఇంత వేయండి."

హిందూపురంలో చింతపండు కాలమది. పండు కొట్టే ఆడవాళ్ళు, బెల్లం దించే హమాలీలు, బండి తోలేవాళ్ళు, పొద్దున్నే ఆ దారిన పోయేవాళ్ళంతా వాళ్ళే. ఒక ముసలామె పైసా వేసి, ముడుపు తక్కువ పడటమేంది అని అడిగింది. అమ్మ చెయ్యెత్తి బ్యాంకును చూపించి జరిగిందంతా చెప్పింది. అరవకుండా, ఏడవకుండా, మా ఇంట్లో అరుగు మీద కూర్చుని చెప్పినట్టు చెప్పింది. ఇంకొకరు అడిగితే మళ్ళీ మొదట్నుంచి చెప్పింది. బండివాళ్ళు ఎద్దులను ఆపి విన్నారు. "సామి సొమ్ములో కోత పెట్టినారంట" అని ఒకడు వెనకబండి వాడికి చెప్పాడు. ఆ మాట మండీల దాకా పోయింది. చింతపండు కొట్టే ఆడవాళ్ళు ఆరోజు కూలి ఇంకా రాకముందే రవికల్లోంచి పైసలు తీసి వేశారు. తమ్ముడి జుట్టు తడిమి, కళ్ళకు అద్దుకుని పోయారు. వాణ్ణి ఏమ్మే అని పిలిచినవాడు అక్కడ ఒక్కడూ లేడు.

బ్యాంకు తెరిచారు. గుమాస్తా మెట్ల మీద నిలబడి చూసి లోపలికి పోయాడు. కాసేపటికి మేనేజరు వచ్చాడు. చుట్టూ జనం ఉన్నారు. ఆయన మొహం చెమటతో తడిసింది. మెట్లు దిగి వచ్చి, నోటు మడిచి తమ్ముడి జోలెలో వేయబోయాడు.

అమ్మ జోలె మూతిని పిడికిలితో మూసేసింది.

"మీరు వేయగూడదు సామీ" అంది. "మీరు తీసినోళ్ళు."

ఆయన చేయి అలాగే గాల్లో ఉండిపోయింది. తర్వాత నోటు జేబులో పెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయాడు. అప్పుడు నాకు సిగ్గు పోయింది. అమ్మ పక్కన ఇంకొంచెం దగ్గరగా జరిగి నిలబడ్డాను.

మధ్యాహ్నానికి ఐదు రూపాయలు దాటింది. అమ్మ అంతటితో ఆపేసింది. మెట్ల కిందే కూర్చుని పసుపు గుడ్డ పరిచి, కొంగులోని పదహారూ, జోలెలోని పైసలూ, పసుపుకొమ్మూ పెట్టి ముడి వేసింది. అంత చిల్లరతో మూట బరువుగా, లావుగా ఉంది. కదిరిలో దాన్ని హుండీలో వేస్తుంటే సందులో పట్టక నేనూ నాయనా లోపలికి నొక్కాల్సి వచ్చింది. తమ్ముడికి గుండు చేస్తున్నంతసేపూ వాడు కదల్లేదు. అయిపోయాక తల తడుముకుని, "ఇంక బడికి పోవచ్చునా?" అని అమ్మను అడిగాడు. పోయాడు. తనకంటే చిన్నపిల్లలతో కలిసి మొదటి తరగతిలో కూర్చున్నాడు.

ఆ తర్వాత కొన్నేళ్ళకు మా ధర్మవరంలోనే ఒక బ్యాంకు పెట్టారు. తెల్లచొక్కాలు వేసుకున్న ఇద్దరు కుర్రాళ్ళు మా వీధిలో ఇంటింటికీ తిరిగి, నేతపనివాళ్ళు కూడా ఖాతా తెరవాలి, పొదుపు చేయాలి అని చెప్పుకుంటూ వచ్చారు. మర్యాదగా మాట్లాడారు. అమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. వాళ్ళు చెప్పిందంతా వింది. చాప వేయమని నాకు సైగ చేసి, వాళ్ళను కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించింది.

"ఒక్కమాట అడుగుతా, చెప్పండి నాయనా" అంది. "నేను పెట్టి, ముట్టకుండా ఉంటే, ఏడాదికి ఎంత తీసుకుంటారు?"

అది కనుక్కుని చెప్పాలమ్మా అన్నాడు ఇద్దరిలో పెద్దవాడు.

"కనుక్కోని రాండి. నేను ఈడే ఉంటా."

వాళ్ళు మజ్జిగ తాగి, గ్లాసులు చాప పక్కన పెట్టి, పక్కింటికి పోయారు. మా ఇంటికి మళ్ళీ రాలేదు.